ప్రెషర్ వాషింగ్ వ్యాపారం: పాఠకుల సందేహాలు, సమాధానాలు

వాహనాల వాటర్ సర్వీసింగుకు వాడే హై ప్రెషర్ పంపులు ఇళ్ల ప్రహరీలకూ, అపార్ట్‌మెంట్ల పార్కింగుకూ, ఫంక్షన్ హాళ్ల ఆవరణలకూ చేరాయి. ఈ పనిని ఉపాధిగా చేసుకోదలచినవారు రాసిన ఉత్తరాలలో నాలుగింటికి ఈ సంచికలో సమాధానమిస్తున్నాను.

ప్రశ్న: హనుమకొండలో నాకు బైకుల వాటర్ సర్వీసింగ్ షాపు ఉంది. పొలానికి మందు కొట్టే హెచ్‌టీపీ పంపుతోనే ఇన్నాళ్లూ నడిపిస్తున్నాను. ఇప్పుడు ఇళ్లు, పార్కింగ్ ఫ్లోర్లు కడిగే పని మొదలుపెడదామనుకుంటున్నాను. మార్కెట్లో తక్కువ ధరకే 200 బార్ అని రాసిన మిషన్ చూశాను. మోటారు 1,800 వాట్లు, నిమిషానికి 10 లీటర్లు అని పెట్టె మీద ఉంది. కొనవచ్చా?

జవాబు: ఆ పెట్టె మీది అంకెలే మీకు జవాబు చెబుతున్నాయి. బార్ అంటే నీటి ఒత్తిడికి కొలత. బార్లను నిమిషానికి వచ్చే లీటర్లతో గుణించి 600తో భాగిస్తే, ఆ ధారకు కావలసిన శక్తి కిలోవాట్లలో వస్తుంది. 200ను 10తో గుణించి 600తో భాగిస్తే 3.3 కిలోవాట్లు కావాలి. మీరు చూసిన మోటారు శక్తి 1.8 కిలోవాట్లే. అంటే పెట్టె మీద రాసిన ఒత్తిడి, ప్రవాహం ఆ మిషనులో ఒకేసారి రావడం అసాధ్యం. దుకాణంలో నిలబడి సెల్‌ఫోనులోనే చేసుకోదగిన ఈ లెక్కను ఏ మిషను కొనే ముందైనా వేసుకోండి. కొన్ని పెట్టెల మీద బార్లకు బదులు పీఎస్ఐ రాస్తారు. ఒక బార్ సుమారు 14.5 పీఎస్ఐకి సమానం కనుక, 2,000 పీఎస్ఐ అన్న పెద్ద అంకె 138 బార్లు మాత్రమే.

రోజుకు నాలుగైదు గంటలు పని చేయాలంటే ఇండక్షన్ మోటారు ఉన్న మిషనునే తీసుకోండి. బ్రష్‌లు ఉండే చిన్న మోటారు ఇంట్లో కారు కడుక్కోవడానికి సరిపోతుంది కాని, గంటల తరబడి నడిపితే వేడెక్కి పాడవుతుంది. సింగిల్ ఫేజ్ మీద నడిచే మూడు హెచ్‌పీ మోటారు, సిరామిక్ ప్లంజర్లు (నీటిని నెట్టే కడ్డీలు) మూడు గల పంపు మొదటి పెట్టుబడికి తగినవని నా అభిప్రాయం. పంపులో పోయే శక్తిని మినహాయిస్తే, అటువంటి మిషను నిమిషానికి 11 లీటర్ల చొప్పున సుమారు 100 బార్ల ధారను ఇస్తుంది. సిమెంటు, టైల్స్, బండల మీద పాకుడు వదిలించడానికి అది చాలు. ఏడున్నర హెచ్‌పీ త్రీ ఫేజ్ మిషనుతో పని ఇంకా వేగంగా సాగుతుంది, కాని వెళ్లిన ప్రతి ఇంట్లోనూ త్రీ ఫేజ్ కనెక్షన్ దొరకదు. పెట్రోలు ఇంజనుతో నడిచే మిషనుకు కరెంటుతో పని లేకపోయినా, దానిని సెల్లారులో నడపరాదు. పొగలోని కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు కనుక, ప్రమాదం తెలిసేలోపే మనిషి పడిపోతాడు.

మీ హెచ్‌టీపీ పంపును అమ్మేయకండి. రంగు వేసిన గోడలను 100 బార్ల ధారతో కొడితే రంగు పెచ్చులుగా లేస్తుంది. అక్కడ మందు పట్టించి తక్కువ ఒత్తిడితో కడగాలి కనుక, పాత పంపే కొత్త మిషనుకన్నా మెరుగు. పార్కింగు వంటి వెడల్పాటి నేలకు మాత్రం గుండ్రటి సర్ఫేస్ క్లీనరును (లోపల తిరిగే ధారలతో నేలను సమంగా కడిగే సాధనాన్ని) తప్పక కొనండి; ఒట్టి గన్నుతో కడిగిన నేల మీద చారలు ఎండిన తరువాత బయటపడి, పని మళ్లీ చేయవలసి వస్తుంది. నాజిళ్లలో ఎరుపు రంగుది సున్నా డిగ్రీల సూది ధార, పసుపు 15, ఆకుపచ్చ 25, తెలుపు 40 డిగ్రీలు, నలుపు సబ్బు నీటికి. ఎరుపు నాజిల్‌ను పెట్టెలోనే ఉంచడం మేలు. ఆ ధార చర్మంలోకి దూసుకుపోగలదు. పైకి చిన్న గాటులా కనిపించినా లోపల కణజాలం దెబ్బతింటుంది కనుక, కట్టు కట్టి ఊరుకోకుండా వెంటనే సర్జన్ ఉన్న ఆసుపత్రికి వెళ్లాలి. గమ్ బూట్లు, కళ్లద్దాలు లేకుండా గన్ను పట్టుకోకూడదు. నిచ్చెన ఎక్కి గన్ను నొక్కడం అంతకన్నా ప్రమాదకరం, ఎందుకంటే ధార వెనక్కి నెడుతుంది.

పంపుకు అసలు శత్రువు బోరు నీటిలోని ఇసుక. నీళ్లను నేరుగా బోరు నుంచి తీసుకోక, 200 లీటర్ల డ్రమ్ములోకి పట్టి, ఫిల్టరు ద్వారా పంపుకు ఇవ్వండి. గన్ను మూసి మోటారును రెండు మూడు నిమిషాలకు మించి తిప్పితే, అవే నీళ్లు లోపలే తిరిగి వేడెక్కి సీళ్లు పోతాయి. మిషను పుస్తకంలో చెప్పిన గంటలకు ఆయిల్ మార్చండి. కొత్త పంపుకు మొదటి మార్పు త్వరగానే, చాలా వాటికి 50 గంటలకే వస్తుంది. తడిలో పని కనుక 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే స్విచ్) అమర్చిన సొంత బోర్డును వెంట తీసుకువెళ్లండి. కస్టమరు ఇంట్లో ఎర్తింగ్ ఉందన్న మాటను నమ్ముకొని పని మొదలుపెట్టవద్దు.

ప్రశ్న: మాది రాజమహేంద్రవరం. గోదావరి గాలికి ఇక్కడ ప్రహరీలన్నీ నల్లగా పాకుడు పడతాయి. బాత్‌రూములకు వాడే యాసిడ్‌తో ఒక ఇంటి మెట్లు కడిగించాను. కడప బండలు తెల్లబడి మెరుపు పోయింది. ఇంటాయన డబ్బులు ఇవ్వనంటున్నారు. అసలు ఏ మందు దేనికి వాడాలి?

జవాబు: కడప బండ సున్నపు రాయి. తాండూరు, షాబాద్, బేతంచెర్ల బండలూ ఆ కోవవే. పాలరాయీ, పాలరాతి ముక్కలు కలిపి పోసిన పాతకాలపు మొజాయిక్ నేలా అంతే. హైడ్రోక్లోరిక్ యాసిడ్ తగలగానే సున్నపు రాయి పైపొర కరిగిపోతుంది. మీరు చూసిన తెలుపు మరక కాదు, రాయి తరుగు. కనుక దానిని ఏ మందూ పోగొట్టదు. పాలిషింగ్ మిషనుతో మళ్లీ అరగదీయించడమే మార్గం. ఆ ఖర్చు మీరు పెట్టుకుంటానని ఇంటాయనతో చెప్పి, మిగిలిన కూలి అడగడం న్యాయంగా ఉంటుంది. ఇకముందు రాయి ఏదో తెలియనిచోట, ఎవరికీ కనిపించని మూలలో ఒక నిమ్మరసపు చుక్క వేసి చూడండి. నురగ వచ్చినా, ఆరాక మచ్చ మిగిలినా యాసిడ్ సీసా మూత తీయనక్కరలేదు. గ్రానైట్ మామూలు యాసిడ్‌ను తట్టుకుంటుంది కాని, బండల మధ్య సిమెంటు అతుకులు తట్టుకోవు. యాసిడ్ అమ్మకాలపై సుప్రీంకోర్టు 2013లో ఆంక్షలు విధించింది. అమ్మేవారు కొనేవారి గుర్తింపు కార్డు చూసి, వివరాలు రాసుకోవాలి. విడిగా సీసాలో పోసిచ్చే చోట కొనవద్దు.

పాకుడుకు యాసిడ్‌తో పనే లేదు. అది జీవి, ధారతో కొడితే పైభాగం పోతుంది, వేరూనిన భాగం రంధ్రాలలో మిగిలి, వాన పడగానే మళ్లీ వస్తుంది. దానిని చంపేది సోడియం హైపోక్లోరైట్, 2020లో కరోనా భయంతో ఊరూరా వీధులలో చల్లిన మందే. పది శాతం గాఢత ఉన్న హైపో ఒక లీటరుకు తొమ్మిది లీటర్ల నీళ్లు కలిపితే ఒక శాతం ద్రావణం వస్తుంది. గోడల మీది నాచుకు సాధారణంగా అది సరిపోతుంది. దానిని మిషనులోనుంచి పంపకుండా, బ్యాటరీ స్ప్రేయరుతో కింది నుంచి పైకి పట్టించండి. పైనుంచి కొడితే కారిన చారలు గోడ మీద నిలిచిపోతాయి. పది, పదిహేను నిమిషాలు ఆగి, ఎండిపోకముందే పైనుంచి కిందికి తక్కువ ఒత్తిడితో కడగండి. కలుపు మందు కొట్టిన స్ప్రేయరును ఎట్టి పరిస్థితిలోనూ తీసుకోవద్దు, ఎందుకంటే దాని అవశేషం చాలు ఇంటివారి మొక్కలు మాడిపోవడానికి. మందు కొట్టే ముందూ, కడిగిన తరువాతా మొక్కలను మంచినీళ్లతో తడపాలి. హైపో ఎండకూ వేడికీ బలం కోల్పోతుంది కనుక, మన వేసవిలో నెలల తరబడి నిల్వ చేయడం దండగ. పదిహేను రోజులకు సరిపడా తెచ్చుకొని నీడలో ఉంచండి.

ఇక మీ ఉత్తరం చదువుతుంటే నాకు ఎక్కువ ఆందోళన కలిగించిన విషయం వేరే ఉంది. ఒకే బండిలో హైపో, యాసిడ్ రెండూ తీసుకువెళుతున్నట్లు అర్థమవుతోంది. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. మూసిన బాత్‌రూములోనో, మెట్ల కిందనో అది ప్రాణాంతకం. టాయిలెట్లు కడిగే సీసాలలో చాలావాటిలో ఉండేదీ హైడ్రోక్లోరిక్ యాసిడే కనుక, హైపో చల్లిన చోట వాటినీ పోయకూడదు. డబ్బాలు వేరువేరు రంగులవి పెట్టి, పేర్లు తెలుగులో పెద్దగా రాయించండి; కూలికి వచ్చిన కొత్త కుర్రవాడు చదువుకోగలగాలి.

మిగిలిన మరకల సంగతి క్లుప్తంగా చెబుతాను. పార్కింగులో ఇంజను ఆయిల్ మరకకు క్షారపు డీగ్రీజర్ (జిడ్డు వదిలించే మందు) పోసి, బ్రష్‌తో రుద్ది, వేడినీళ్లతో కడగాలి. కాస్టిక్ సోడా ఉన్న మందు అల్యూమినియం తలుపులను తినేస్తుంది కనుక అటువైపు చిందకుండా చూడాలి. టైల్స్ మీది తుప్పు మరకలకు ఆక్సాలిక్ యాసిడ్ పనిచేస్తుంది, సున్నపు రాయి మీద అదీ పనికిరాదు. ముందు వేసిన సున్నం లేదా డిస్టెంపర్ గోడ అయితే కడగనని చెప్పడమే మంచిది. రంగంతా నీళ్లతో పోతుంది.

ప్రశ్న: విజయవాడలో తమ్ముడితో కలిసి ఈ పని మొదలుపెట్టాను. మిషన్, మందులు అన్నీ ఉన్నాయి. కస్టమర్లే లేరు. కరపత్రాలు పంచినా ఫోన్లు రాలేదు. రేటు ఎంత చెప్పాలో కూడా తెలియడం లేదు.

జవాబు: కరపత్రం అందుకున్నవారిలో ఎక్కువ మందికి ఆ రోజు మీతో అవసరం ఉండదు. మీతో ఏడాది పొడవునా అవసరం ఉండేవారిని వెతకండి. అందులో మొదటివారు పెయింటర్లు. పాకుడు మీద వేసిన రంగు నిలవదని వారికి తెలుసు, గోకే పని కూలీలతో చేయించడం కష్టమనీ తెలుసు. దసరాకు, సంక్రాంతికి, పెళ్లిళ్ల కాలానికి ముందు పని చేతినిండా ఉన్న ఒక్క పెయింటింగ్ కాంట్రాక్టరుతో కుదిరితే, వేల కరపత్రాల కన్నా ఎక్కువ పని వస్తుంది. గోడ పూర్తిగా ఆరడానికి పట్టే రోజులను ఆయన పనిలో ముందే కలుపుకోమని చెప్పండి, లేదంటే రంగు ఉబ్బిన నింద మీ మీద పడుతుంది. ఆ తరువాత అపార్ట్‌మెంట్ అసోసియేషన్లు. కార్యదర్శిని కలిసి, గేటు దగ్గర మూరెడు చోటు ఉచితంగా కడిగి చూపించండి. చుట్టూ నల్లటి నేల మధ్య ఆ తెల్లటి ముక్క రోజూ అందరి కంటా పడుతుంది. సంవత్సరానికి రెండుసార్లు పార్కింగు, మెట్లు కలిపి ఒప్పందం అడగండి. కోస్తాలో అక్టోబరు, నవంబరు వానలు తగ్గాక పని ఎక్కువ; వేసవిలో నీటి ఎద్దడి వల్ల అసోసియేషన్లు ఒప్పుకోవు కనుక, ఆ నెలలలో సెలవులలో ఉన్న పాఠశాలలను అడగవచ్చు.

గూగుల్‌లో బిజినెస్ ప్రొఫైల్ ఉచితం. దుకాణం లేకపోయినా, తిరిగే ప్రాంతాన్ని మాత్రం చూపే వీలుంది. కడగకముందు, కడిగిన తరువాత ఒకే చోట నిలబడి తీసిన ఫోటోలు ఇంటివారి అనుమతితో పెట్టండి. డబ్బిచ్చి రివ్యూలు రాయించుకోవద్దు. అది గూగుల్ నిబంధనలకు విరుద్ధం, బయటపడితే ప్రొఫైలే పోవచ్చు. కడగకముందు తీసిన ఆ ఫోటోలు ఇంకోవిధంగానూ అక్కరకొస్తాయి: ముందే పగిలిన టైల్ మీరే పగలగొట్టారన్న వివాదం వచ్చినప్పుడు.

రేటు విషయంలో పక్కవారు చదరపు అడుగుకు ఎంత తీసుకుంటున్నారో అన్నది మొదట అడగవలసిన ప్రశ్న కాదు. మీ ఇద్దరూ ఒక రోజులో ఎన్ని చదరపు అడుగులు పూర్తి చేయగలరో ముందు కొలుచుకోండి. ఆ రోజుకు ఇద్దరి కూలి, మందు, ఆటో, మిషను అరుగుదల కూడి, లాభం కలిపి, ఆ అడుగులతో భాగించండి. నీళ్లు ఎవరివో కాగితం మీద రాసుకోవడం మరవకండి. నిమిషానికి 11 లీటర్ల ధార గంటకు 660 లీటర్లు, అయిదు గంటలకు 3,300 లీటర్లు మింగుతుంది, అపార్ట్‌మెంటు వారు టాంకరు కొనుక్కునే కాలంలో అది గొడవకు కారణం. సేవల వ్యాపారం కనుక సంవత్సర టర్నోవర్ 20 లక్షల రూపాయలు దాటేవరకు జీఎస్‌టీ నమోదు సాధారణంగా తప్పనిసరి కాదు. చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ నమోదు ఆన్‌లైన్‌లో ఉచితం, ఏజెంటుకు డబ్బు ఇవ్వనవసరం లేదు. మిషను పెంచుకోవడానికి ముద్రా రుణం అడిగేటప్పుడు ఆ పత్రం బ్యాంకులో ఉపయోగపడుతుంది.

ప్రశ్న: ఖమ్మం నుంచి రాస్తున్నాను. ప్రెషర్ మిషన్ ఉంది కదా అని సెప్టిక్ ట్యాంకులు, సంపులు కడగమని అడుగుతున్నారు. డబ్బు బాగా ఇస్తామంటున్నారు. ఒప్పుకోవచ్చా?

జవాబు: సెప్టిక్ ట్యాంకు పని ఒప్పుకోవద్దు. తగిన రక్షణ సామగ్రి, జాగ్రత్తలు లేకుండా మనిషిని అందులోకి దించడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. మొదటి నేరానికే రెండేళ్ల వరకు జైలు, రెండు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. అడిగినవారిని మురుగును పీల్చుకునే వాహనం ఉన్నవారి దగ్గరికి పంపండి. తాగునీటి సంపు కడగవచ్చు, కాని మూత తీసి గాలి ఆడనిచ్చి, పైన ఒక మనిషిని కాపలా ఉంచి దిగాలి. పెట్రోలు మిషనును సంపు దరిదాపుల్లో పెట్టకూడదు. లోపల మనిషి ఉండగా హైపో చల్లకూడదు. మూత మరీ ఇరుకై, స్పృహ తప్పిన మనిషిని పైకి లాగలేని సంపు అయితే, పైనుంచే పొడవాటి పైపుతో కడిగి బురదను పంపుతో తోడేయండి. అది కుదరకపోతే ఆ పని వదులుకోండి.