కంటి ఆపరేషన్‌కి వెళ్లబోతున్న తమ్ముడికి

తమ్ముడూ,

శుక్లం ఆపరేషన్‌కి తేదీ ఇచ్చారని మరదలు ఫోన్‌లో చెప్పింది. అప్పటినుంచి నీకు సరిగ్గా నిద్ర పట్టడం లేదట. రెండు కళ్లకూ ఆ ఆపరేషన్ చేయించుకున్నదాన్ని కదా, నాకు తెలిసింది రాస్తున్నాను.

బాగా ముదిరాకే తీయించుకోవాలన్నది పాతకాలపు మాట. మరీ ముదిరితే శుక్లం గట్టిపడి తీయడం కష్టమవుతుంది. రాత్రిళ్లు ఎదురొచ్చే బండి లైటుకి ఏమీ కనిపించడం లేదని నువ్వే అన్నావు. ఇంకా ఆగడమెందుకు?

నన్నడిగితే ఆపరేషన్ రోజు కంటే ముందు జరిగే పరీక్షల రోజే ముఖ్యం. కంటి పొడవు, ముందుపొర వంపు కొలిచి శుక్లం తీసిన చోట నీకు ఏ పవర్ లెన్సు పెట్టాలో అప్పుడే లెక్కకడతారు. మామూలు లెన్సుతో ఒక దూరమే స్పష్టంగా కనిపిస్తుంది. దూరపు చూపుకి పెట్టించుకుంటే చదవడానికి అద్దాలు కావాలి. మొదటి కంటికి నేనిది ఆలోచించలేదు. రోజంతా కుట్టుపని చేస్తానని డాక్టరుకి చెప్పనేలేదు. ఎదురు గోడ మీది క్యాలెండర్ అంకెలు చక్కగా కనిపించాయి గానీ, సూదిలో దారం ఎక్కించాలంటే అద్దాలు వెతుక్కోవాల్సి వచ్చింది. ఆ రోజు చాలా బాధపడ్డాను. అందుకే నువ్వు రోజూ ఏం చదువుతావో, ఎంతసేపు కంప్యూటర్ ముందు కూర్చుంటావో, రాత్రి బండి నడుపుతావో లేదో అన్నీ చెప్పు. మల్టీఫోకల్ లెన్సుతో దూరం, దగ్గర రెండూ చాలావరకు కనిపిస్తాయి కానీ, రాత్రిపూట లైట్ల చుట్టూ వలయాలు కనిపించవచ్చు. సిలిండర్ పవర్, అంటే కంటి ముందుపొర వంపు అన్నివైపులా ఒకేలా లేకపోవడం, ఎక్కువగా ఉన్నవాళ్లకి టోరిక్ అని వేరే రకం ఉంది. ఖరీదైనదే మంచిదని అనుకోకు, నీ పనికి ఏది సరిపోతుందో అడుగు.

వాడే మందులన్నీ కాగితం మీద రాసుకుని వెళ్లు. రక్తం పలచబరిచే మాత్ర నీ అంతట నువ్వు ఆపకు. ప్రోస్టేట్ కోసం వేసుకున్న టామ్సులోసిన్ మాత్ర మానేసి ఎన్నాళ్లయినా సరే, ఆ సంగతి చెప్పు. దానివల్ల కంటిపాప చుట్టూ ఉండే రంగు పొర వదులవుతుంది. ముందే తెలిస్తే డాక్టరు తగ్గట్టు సిద్ధమవుతారు. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

ఇక ఆపరేషన్. చాలామందికి చుక్కలతోనే తిమ్మిరి ఎక్కిస్తారు, కొందరికి కంటి పక్కన ఇంజెక్షన్ ఇస్తారు. మెలకువగానే ఉంటావు. రెప్ప మూసుకుపోకుండా చిన్న క్లిప్పు పెడతారు. కత్తి కనబడుతుందేమోనని నేనూ వణికిపోయాను. కనిపించింది వెలుతురు, కదిలే రంగులు, అంతే. నీళ్లు పోస్తున్నట్టు, కాస్త నొక్కినట్టు ఉంటుంది. రెండు మూడు మిల్లీమీటర్ల గాటు పెట్టి, అల్ట్రాసౌండ్‌తో శుక్లాన్ని ముక్కలు చేసి పీల్చేసి, మడిచిన లెన్సు లోపల పెడతారు. సాధారణంగా 15, 20 నిమిషాల పని. దగ్గు వచ్చేలా ఉంటే కదలకుండా ముందే నోటితో చెప్పు. నేను చెప్పగానే ఆగారు.

లోపల పెట్టిన లెన్సు పడకపోతేనో అన్నావట. రెండో ప్రపంచ యుద్ధంలో పైలట్ల కళ్లలో గుచ్చుకున్న విమానపు అద్దాల ప్లాస్టిక్ ముక్కలు కంటికి పెద్దగా హాని చేయడం లేదని గమనించిన హెరాల్డ్ రిడ్లీ అనే డాక్టరు, 1949లో లండన్‌లో మొదటిసారి ఇలాంటి లెన్సు పెట్టారు. అప్పటినుంచి కోట్లమందికి పెట్టారు.

ఇంటికొచ్చాక ఇసుక పడ్డట్టు ఉంటుంది, చూపు కొన్నాళ్లు మసకగా ఉండొచ్చు. తెలుపు మరీ తెల్లగా, నీలం కొత్తగా కనిపిస్తుంది. నాకు ఆనందంతో ఏడుపొచ్చింది. కన్ను నలపకు, రాత్రి కంటి మీద షీల్డ్, అంటే గట్టి మూత, పెట్టుకునే పడుకో. చుక్కల మందు వాళ్లు చెప్పినన్నాళ్లూ, ఇంచుమించు నెలపాటు, వేసుకోవాలి. బాగానే ఉంది కదా అని మధ్యలో మానకు. రెండు రకాలుంటే మధ్యలో అయిదు నిమిషాలైనా ఆగు. నొప్పి పెరిగినా, కన్ను బాగా ఎర్రబడినా, చూపు తగ్గినా, మెరుపులు మెరిసినట్టు, తెర పడినట్టు అనిపించినా తెల్లారేదాకా చూడకుండా ఆసుపత్రికి వెళ్లు.

కొన్ని నెలలకో ఏళ్లకో మళ్లీ మసకబారితే శుక్లం తిరిగొచ్చిందనుకోకు. లెన్సు వెనక పొర మందమవుతుంది, లేజర్‌తో కొద్ది నిమిషాల్లో సరిచేస్తారు.

ఆ రోజు బండి నడపొద్దు, మరదల్ని తోడు తీసుకెళ్లు. ఆదివారం ఫోన్ చెయ్యి, నీ మందుల పేర్లు ఇద్దరం కలిసి రాద్దాం.

అక్క