ఓడ ఆగని రేవుకు కోట ఎందుకు?

ప్రశ్న: పులికాట్‌లో డచ్చివాళ్ల కోట, మన దుగరాజపట్నంలో ఇంగ్లిషువాళ్ల కోట రేవుల కాపలాకే కట్టారంటారు. పులికాట్ ముఖద్వారంలో చేపల పడవలే ఇసుకలో దిగబడుతున్నాయి. మరి ఓడలు ఎక్కడ ఆగేవి? కోట దేన్ని కాచేది?
– ఒక పాఠకుడు, కోవూరు, నెల్లూరు జిల్లా

జవాబు: మీ అనుమానం సరైనదే. ఓడ ఒడ్డుకు వచ్చేదే కాదు. అలలు విరిగే చోటుకు అవతల లంగరు వేసేది. సరుకు మసూలా పడవల్లో చేరేది. ఆ పడవకు ఒక్క మేకు ఉండదు. పలకలను కొబ్బరి తాడుతో కుట్టేవారు. నేలకు కొట్టుకుంటే మేకుల పడవ పగులుతుంది, కుట్టిన పడవ కాస్త వంగి తట్టుకుంటుంది. కుట్ల సందుల్లోంచి నీళ్లు ఊరడం మాత్రం తప్పదు, తోడిపోసేందుకు మనిషి ఉండాల్సిందే. అక్టోబరు వచ్చిందంటే తుపాన్ల భయంతో ఓడలు ఈ తీరం వదిలి పోయేవి.

కాబట్టి కోట కాచింది ముఖ్యంగా గిడ్డంగిని. నేతగాళ్లకు ముందే బయానా ఇచ్చి, చిరివేరు అనే మొక్క వేరుతో ఎరుపు అద్దిన గుడ్డలు నెలల తరబడి పోగేసి, ఓడ రాగానే ఎక్కించాలి. తూర్పు దీవుల్లో మిరియాలకు, లవంగాలకు ఆ గుడ్డలే మారకం. అంత సరుకు ఒకచోట ఉంటే శత్రువు ఊరుకోడు కదా! 1610లో విజయనగర రాజు వెంకటపతిరాయల అనుమతితో డచ్చివాళ్లు పులికాట్‌లో దిగారు. 1612లో ఇప్పటి చెన్నైలోని శాంతోమ్ నుంచి బుడతకీచులు, అంటే పోర్చుగీసువాళ్లు, వచ్చి వాళ్ల గిడ్డంగిని ధ్వంసం చేశారు. మరుసటి ఏడే డచ్చివాళ్ల గెల్డ్రియా కోట లేచింది.

దుగరాజపట్నం కథ పొట్టిది. 1611లో గ్లోబ్ ఓడలో వచ్చిన ఇంగ్లిషువాళ్లను డచ్చివాళ్లు పులికాట్‌లో నిలవనివ్వలేదు. నిజాంపట్నం, మచిలీపట్నం పోయారు. 1626లో దుగరాజపట్నంలో దిగి, ఆర్మగాన్ అని పిలుచుకుంటూ 12 ఫిరంగులు పెట్టుకున్నారు. ఫిరంగులున్నా గుడ్డ వ్యాపారం పుంజుకోలేదు. అక్కడి పెద్ద ఫ్రాన్సిస్ డే 1639లో దక్షిణానికి వెళ్లి, ఆ ప్రాంతపు పాలకుడు దామెర్ల వెంకటప్ప నాయకుడి దగ్గర మదరాసపట్నంలో కోట కట్టుకునే అనుమతి సంపాదించాడు. అక్కడ గుడ్డ 20 శాతం చవకని పైవాళ్లకు రాశాడు. 1640లో మకాం అక్కడికి మారింది.

గెల్డ్రియా చూడాలంటే గూడూరు–చెన్నై లైనులో పొన్నేరి దిగి బస్సెక్కండి. కోట కంపచెట్ల మధ్య దిబ్బగా మిగిలింది. దానికన్నా డచ్చి శ్మశానమే చూడదగ్గది; ద్వారం దగ్గర రాతిలో చెక్కిన అస్థిపంజరాలు ఉంటాయి.