రిపోర్టుల్లో కనిపించని ఇరవై నిమిషాలు

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మా నాన్నగారికి 66 ఏళ్లు. పదేళ్లుగా బీపీ మాత్రలు వాడుతున్నారు. మొన్న ఉదయం వరండాలో పేపరు చదువుతుండగా అది కుడిచేతిలోంచి జారిపోయింది. కళ్లజోడు ఇమ్మని అమ్మను అడగబోయి ‘తాళంచెవి, తాళంచెవి’ అన్నారట. ఇరవై నిమిషాల్లో అంతా సర్దుకుంది. మధ్యాహ్నం ఆసుపత్రిలో తలకు సీటీ స్కాన్, ఈసీజీ తీశారు. రెండూ నార్మల్. నీరసమని చెప్పి బలం మాత్రలు రాసిచ్చారు. ఆయనేమో ‘నాకేమీ లేదమ్మా’ అంటున్నారు. అప్పుడప్పుడూ గుండె దడగా ఉందనేవారు. అది కూడా డాక్టరుకు చెప్పాలా? నేను అనవసరంగా భయపడుతున్నానా?
– ఒక కూతురు, తెనాలి

జవాబు: అమ్మా, మీ ఉత్తరం అందిన రోజే పత్రికవారిచేత మీకు ఫోను చేయించి, నాన్నగారిని ఆ పూటే నరాల వైద్యుడి దగ్గరికి తీసుకువెళ్లమని చెప్పించాను. అచ్చయ్యేదాకా ఆగే ఉత్తరం కాదది. ఈ జవాబు మీతో పాటు, ఇలాంటి ఇరవై నిమిషాలను నీరసం ఖాతాలో వేసి మరిచిపోయిన ఇళ్లన్నిటికీ రాస్తున్నాను.

మీ భయం సరైనదే. కుడిచేయి పట్టు తప్పడం, అదే సమయంలో ఒక మాటకు బదులు ఇంకో మాట రావడం నీరసం వల్ల జరిగేవి కావు. కుడిచేతిని నడిపేదీ, చాలామందిలో మాటను కూర్చేదీ మెదడు ఎడమ భాగమే. అక్కడికి వెళ్లే రక్తం కాసేపు ఆగి మళ్లీ పారిందని ఆ రెండు లక్షణాలూ కలిసి చెబుతున్నాయి. దీన్ని టీఐఏ అంటాం, కొందరు మినీ స్ట్రోక్ అంటారు. వెంటనే వైద్యం అందని రోజుల్లో ఇలాంటివారిని గమనిస్తే, నూటికి దాదాపు పదిమందికి మూడు నెలల్లోపు పూర్తి పక్షవాతం వచ్చింది. అందులో సగం మొదటి రెండు రోజుల్లోనే. ఆక్స్‌ఫర్డ్‌లో జరిగిన ఒక అధ్యయనం (2007) ఇలాంటివారిని వెంటనే పరీక్షించి మందులు మొదలుపెడితే ఆ ముప్పు 80 శాతం తగ్గుతుందని చూపింది. మా వృత్తిలో ఇంత తక్కువ ఖర్చుతో ఇంత మేలు జరిగే సందర్భాలు ఎక్కువ లేవు. అందుకే ‘నార్మల్’ అన్న ఒక్క మాటతో ఇంటికి పంపేస్తే నాకు బాధ కలుగుతుంది.

మరి స్కాన్ ఎందుకు బాగుంది? సీటీ ప్రధానంగా రక్తస్రావాన్ని పట్టడానికి. రక్తం కారితే వెంటనే తెల్లగా కనిపిస్తుంది. కాసేపు అడ్డుపడి కరిగిపోయిన గడ్డ జాడ దానికి సాధారణంగా అందదు. డిఫ్యూజన్ పద్ధతిలో తీసే ఎంఆర్‌ఐలో ఇలాంటివారిలో సుమారు మూడోవంతు మందికి చిన్న మచ్చ కనిపిస్తుంది. మిగతావారికి అదీ కనిపించదు. అప్పుడు రోగనిర్ధారణ దేనిమీద నిలుస్తుంది? మీ అమ్మగారు చూసినదాని మీద. నేను శిక్షణలో ఉన్నప్పుడు మా ప్రొఫెసర్ గారు రోగిని మంచం మీద పడుకోబెట్టి, ముందుగా అతని భార్యకు కుర్చీ వేయించేవారు. ఏ చేయి, ఎంతసేపు, మూతి ఎటు లాగింది, మాట ముద్దగా వచ్చిందా, తప్పు మాట వచ్చిందా అని ఓపికగా అడిగేవారు. నేనూ అదే చేస్తున్నాను. ‘తాళంచెవి’ అన్న ఆ ఒక్క మాట మీరు రాసిన ఉత్తరమంతటిలో నాకు విలువైన పరీక్ష.

ఇక గుండె దడ. తప్పకుండా చెప్పాలి, అన్నిటికంటే ముందు చెప్పాలి. మామూలు ఈసీజీలో పడేది సుమారు పది సెకన్ల గుండె నడక. రోజుకు 86,400 సెకన్లు. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే లయ తప్పే జబ్బు వచ్చిపోతూ ఉంటే, ఆ పది సెకన్లలో దొరకకపోవడంలో వింత లేదు. అది ఉన్నవారి గుండెలో ఎడమ పై గదికి అతుక్కుని ఉండే చిన్న సంచిలో రక్తం నిలిచి గడ్డకడుతుంది. ఆ గడ్డ కదిలితే మెడ రక్తనాళాల మీదుగా మెదడు చేరుతుంది. ఈ జబ్బుతో పక్షవాతం ముప్పు దాదాపు అయిదు రెట్లు. కాబట్టి కనీసం 24 గంటల హోల్టర్ (ఒంటికి తగిలించుకుని తిరుగుతుండగా గుండె లయను రికార్డు చేసే చిన్న యంత్రం), అందులో దొరకకపోతే ఇంకా ఎక్కువ రోజుల రికార్డింగు, గుండెకు ఎకో స్కాన్, మెడ రక్తనాళాలకు డాప్లర్ స్కాన్ అడగండి. కారణాన్నిబట్టి మందు మారుతుంది. గడ్డ గుండెలోంచి వస్తుంటే ఆస్పిరిన్ సరిపోదు, గడ్డకట్టకుండా చూసే వేరే మందులు కావాలి.

ఇంట్లో ఒక పని చేయండి. నాన్నగారి బొటనవేలి మొదట్లో, మణికట్టు దగ్గర మూడు వేళ్లు ఆనించి పూర్తి నిమిషం నాడి చూడండి. దెబ్బలు సమంగా పడుతున్నాయా, ముందూ వెనకా పడుతున్నాయా రాసిపెట్టండి.

మళ్లీ అలా జరిగితే 108కి ఫోను చేయండి. చివరిసారి ఆయన బాగున్న సమయం గుర్తుపెట్టుకోండి, గడ్డ కరిగించే ఇంజెక్షనుకు గడువు నాలుగున్నర గంటలే. నోట్లో నీళ్లు పోయవద్దు. ఆస్పిరిన్, నాలుక కింద పెట్టే గుండెనొప్పి మాత్ర సార్బిట్రేట్ మీరుగా వేయవద్దు.

ప్రశ్న: మావారికి 41 ఏళ్లు. చిన్నప్పుడు కీళ్ల నొప్పులు, జ్వరం వచ్చి గుండె కవాటం సన్నబడిందట. రెండు నెలల కిందట ఎడమవైపు పక్షవాతం వచ్చింది. ఇప్పుడు నడుస్తున్నారు, మాట బాగుంది. కానీ కంచంలో కుడివైపు అన్నమే తిని, ఎడమవైపు పప్పన్నం అలాగే ఉండగా ‘ఇంకా పెట్టు’ అంటారు. గడ్డం కూడా సగమే గీసుకుంటారు. మా అత్తగారు మొండితనమంటున్నారు.
– ఒక సోదరి, నిజామాబాద్

జవాబు: మొండితనం కానే కాదమ్మా, అత్తగారికి ఈ పేజీ చదివి వినిపించండి. మెదడు కుడి భాగం దెబ్బతిన్నప్పుడు ఎడమవైపు ప్రపంచం మీద ధ్యాస పోతుంది. కళ్లు బాగున్నా అటు ఏదో ఉందన్న స్పృహే ఉండదు. మాట బాగుండడంతో ఇది చాలాసార్లు ఎవరి దృష్టికీ రాదు. ఒక కాగితం మీద జానెడు గీత గీసి మధ్యలో గుర్తు పెట్టమనండి, గుర్తు బాగా కుడికి జరిగిపోవచ్చు. గుండ్రంగా గీసి గడియారం అంకెలు వేయమంటే పన్నెండూ కుడిసగంలోనే ఇరికించవచ్చు. మేమూ ఆసుపత్రిలో ఇలాంటి పరీక్షలే చేస్తాం.

భోజనం మధ్యలో కంచాన్ని సగం తిప్పండి. పేపరు ఎడమ అంచున ఎర్రదారం అంటించి, ప్రతి వరుసా దాన్ని చూశాకే చదవమనండి. కబుర్లు చెప్పేటప్పుడు ఎడమవైపు కూర్చోండి. బండి మాత్రం నడపనివ్వవద్దు.

ఆయన కవాటం సన్నబడి గుండె లయ కూడా తప్పి ఉంటే, రక్తం గడ్డకట్టకుండా చూసే వార్ఫరిన్ మాత్రే తగినది. ఆ మందు ఎంత పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష ఐఎన్‌ఆర్ సాధారణంగా 2కూ 3కూ మధ్య ఉండాలి. గోంగూర, తోటకూర మానక్కర్లేదు, వారం వారం ఇంచుమించు ఒకే మోతాదులో పెట్టండి. ఇవాళ ఆయన గీసిన గడియారం మీద తేదీ వేసి దాచండి. నెల తరవాత మళ్లీ గీయించి, రెండు కాగితాలూ డాక్టరుకు చూపించండి.