‘వకమొనొ’ అని ఎవర్ని అనాలి?

ప్రశ్న: జపనీస్ నేర్చుకుంటున్నాను. యువతకు ‘వాకామోనో’ అనే మాట పాఠంలో వచ్చింది. ఇంటర్వ్యూ ప్రాక్టీసులో ‘వతషి వ వాకామోనో దెసు’ (నేను యువతిని) అన్నాను. మాస్టారు పలికిన తీరూ, వాడిన తీరూ రెండూ బాగాలేదన్నారు. ఎందుకు?
– డిగ్రీ విద్యార్థిని, అనంతపురం

జవాబు: ముందు పలకడం. ఇంగ్లిష్ అక్షరాల్లో చదివితే దీర్ఘాలు వచ్చేస్తాయి. తెలుగులో రాసుకోండి: వ-క-మొ-నొ. నాలుగూ పొట్టివే, నాలుగింటికీ సమానమైన సమయం. పొట్టి ‘ఒ’ మన లిపిలో ఉండటం మనకు పెద్ద వరం, వాడుకోండి. జపనీస్‌లో దీర్ఘం పెడితే అర్థమే మారిపోవచ్చు: ‘ఒబసన్’ అంటే అత్తో పిన్నో, ‘ఒబాసన్’ అంటే అవ్వ.

ఇక వాడుక. వకమొనొ అనేది బయట నిలబడి యువతను గురించి చెప్పే మాట. వార్తల్లో, చర్చల్లో వినిపిస్తుంది. మన పెద్దవాళ్లు ‘ఈ కాలం పిల్లోళ్లు...’ అని మొదలుపెట్టినట్టే అక్కడా ‘ఇమదొకి నొ వకమొనొ వ...’ అంటారు. అందుకే తన గురించి తాను చెప్పుకుంటే అతకదు. ఇంటర్వ్యూలో వయసు చెప్పండి చాలు: ‘నిజూఇస్సై దెసు’, ఇరవై ఒక్కేళ్లు. ఎదుటి మనిషిని ‘వకమొనొ’ అని పిలవనూ కూడదు.

మామూలు మాటల్లో ‘వకై హితొ’ (వయసులో ఉన్న మనిషి) మేలు. ఇక్కడ చాలామంది ‘వకై నొ హితొ’ అంటారు. ‘నిహొన్ నొ హితొ’ (జపాన్ మనిషి) నేర్చుకున్న అలవాటు అది. నిహొన్ నామవాచకం కాబట్టి మధ్యలో ‘నొ’ కావాలి. వకై విశేషణం, దానికి అక్కర్లేదు. కంపెనీలో కొత్తతరం ఉద్యోగులైతే ‘వకతె’.

వకమొనొ రాతలో రెండు కంజీలు (చైనా నుంచి జపనీస్‌లోకి వచ్చిన అక్షరాలు), ఒక్కోటి ఎనిమిది గీతలు. మొదటిదానికి పైన గడ్డి గుర్తు, కింద ‘కుడి’ అనే అక్షరం. కింద పొరపాటున ‘పాత’ అనే అక్షరం రాశారా, అది ‘చేదు, కష్టం’ అయిపోతుంది. ఎక్కువమంది తప్పేది ఇక్కడే. రెండోది మనిషిని సూచించే ‘మొనొ’. ‘తబెమొనొ’ (తిండి)లోని ‘మొనొ’ పలకడానికి ఒకటే గానీ దాని అర్థం వస్తువు, కంజీ కూడా వేరు. ఇదే ‘మనిషి’ కంజీని ‘ఇష’ (డాక్టరు), ‘కిష’ (విలేకరి) మాటల్లో ‘ష’ అని చదవాలి. మూడు మాటలూ ఒకే పేజీలో రాసుకుని నేర్చుకోండి.