తాడు పిల్లల చేతికివ్వు, అల్లుడూ

పర్లాకిమిడి

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

గుణుపురం బడిలో స్కౌట్ దళం నీకు అప్పగించారని మీ అమ్మ ఫోన్ చేసింది. "కొత్త మాస్టారు కదాని ఎవరూ ముట్టని పని వాడి నెత్తిన పెట్టారు" అని దాని బాధ. పెట్టే ఉంటారు. డ్రిల్లు మాస్టారికి బదిలీ అయితే నాకూ అలాగే తగులుకుంది.

యూనిఫారం, రిజిస్ట్రేషన్, బేసిక్ కోర్సు సంగతులు ఆఫీసువాళ్ళు చెబుతారు. వాళ్ళు చెప్పనివి నేను రాస్తాను.

ముందు జట్లు. ఆరుగురికో ఎనిమిదిమందికో ఒక పెట్రోల్. (ఆ మాట వినగానే పిల్లలకి బంకు గుర్తొస్తుంది, నవ్వుకోనీ.) "మీకు నచ్చినవాళ్ళతో కలవండి" అనకు. అన్నావంటే తెలుగు పిల్లలు ఒక పక్క, ఒడియా పిల్లలు ఇంకో పక్క, హాస్టల్‌లో ఉండే సవర గిరిజన పిల్లలు గోడవార నిలబడతారు. నువ్వే కలిపి వెయ్యి. రెండు వారాలు అలుగుతారు, అలగనీ. 1907లో ఇంగ్లండులోని బ్రౌన్‌సీ దీవిలో, స్కౌట్లకి మూలపురుషుడు బేడెన్ పోవెల్ పెట్టిన మొదటి శిబిరంలోనూ అంతే: గొప్పింటి పిల్లల్నీ కూలీనాలీ వాళ్ళ పిల్లల్నీ కలిపి ఇరవైమందిని నాలుగు జట్లు చేశాడు. మన దేశంలో మొదట్లో భారతీయ పిల్లల్ని స్కౌట్లలో చేర్చుకోలేదు. వాళ్ళ కోసం మద్రాసులో అనీబిసెంట్ వేరే సంఘం పెట్టింది. ఇలాంటి సంఘాలన్నీ కలిసి భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్‌గా మారడం 1950లో మొదలైంది. బయట నిలబెట్టిన పిల్లల కోసం ఇంత జరిగాక మనం సవర కుర్రాణ్ణి గోడవార వదిలేస్తే ఎలా?

నా దళంలో అలాంటివాడొకడు ఉండేవాడు. తెలుగు రాదు, ఒడియా అంతంతమాత్రం. కానీ తడికట్టెని ఎలా రాజెయ్యాలో, ఏ తీగ బరువుకి ఆగుతుందో వాడికే తెలుసు. మూడో శిబిరానికి వాడే లీడరు. మూడు భాషలూ కలిపి కేకలేసేవాడు. అర్థం కాలేదని ఒక్కడూ అనలేదు.

ఇక నా తప్పొకటి చెబుతాను. ఒక ఏడాది శిబిరానికి పైవాళ్ళు తనిఖీకి వస్తున్నారన్నారు. పిల్లలు కట్టిన ముళ్ళు వంకరటింకరగా ఉన్నాయని డేరాలన్నీ తిరిగి నేనే విప్పి కట్టాను. వచ్చినాయన మెచ్చుకుని వెళ్ళారు. రాత్రి వాన పట్టుకుంది. నూలు తాడు తడిస్తే కుంచించుకుపోతుంది, చినుకు పడగానే కాస్త వదులు చెయ్యాలి. ఏ ముడి ఎక్కడుందో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే, నేనేమో బడి వరండాలో నిద్ర. మేకులు ఊడొచ్చి మూడు డేరాలు పిల్లల మీద కూలాయి. దెబ్బలు తగల్లేదు. తెల్లారి తడి దుప్పటి పిండుతూ ఒకడు "మా ముళ్ళే ఉంచేస్తే బావుండేది సార్" అన్నాడు. ఏమనను?

అప్పట్నుంచి ముడి వంకరగా కనిపిస్తే "ఇది వానకి ఆగుతుందా?" అని అడిగి పక్కకి పోయేవాణ్ణి. గాయం కట్టుకి రీఫ్ నాట్ ఎందుకంటే చదునుగా ఉండి ఒరుసుకోదు. మనిషిని పైకి లాగడానికి బోలైన్ ముడి ఎందుకంటే ఉచ్చులా బిగుసుకోదు. కారణం నువ్వు చెప్పు, చేతులు వాళ్ళవి కానీ.

రోజుకో మంచిపని డైరీ ఉంటుంది. వారంలో ముప్ఫైమందీ "ముసలమ్మని రోడ్డు దాటించాను" అని రాస్తారు. మన ఊళ్ళో అన్ని రోడ్లూ లేవు, అంతమంది ముసలమ్మలూ లేరు. తిట్టకు. డైరీ చూడటం మానెయ్, చాలు.

సేవంటే ముందు బ్యానర్ రాయించే అలవాటు నాకూ ఉండేది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మన జిల్లాని ఊడ్చేసినప్పుడు పాత బట్టలు మూటలు కట్టించాను. మా లీడరు ముందు తనొక్కడూ ఊళ్ళోకి వెళ్ళొచ్చి, "బట్టలు కాదు సార్, నూతి దారికి అడ్డంగా చెట్లు పడ్డాయి. కత్తులూ తాళ్ళూ కావాలి" అన్నాడు. మూటలు బడిలోనే ఉండిపోయాయి. పెద్దవాళ్ళు కొమ్మలు కొడుతుంటే వీళ్ళు రెండ్రోజులు ఈడ్చారు. ఒక్క ఫొటో లేదు.

ఒక్క విషయంలో మాత్రం నా మాట కూడా నమ్మకు. మా రోజుల్లో పాము కరిస్తే పైన తాడు బిగించి కట్టమనేవారు, కాటు దగ్గర కోయమనేవారు. రెండూ తప్పే. కాలో చెయ్యో కదలకుండా ఉంచి వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. ఇది మాత్రం పిల్లలందరికీ నువ్వే స్వయంగా నేర్పు.

నా పాత తాళ్ళు, విజిలు గుణుపురం బస్సులో పంపిస్తున్నాను. శిబిరం పెట్టినప్పుడు కబురు చెయ్యి. వచ్చి చెట్టు కింద కూర్చుంటాను. ముడి ఒక్కటీ ముట్టుకోను.

మీ మావయ్య