పాత జీపులో వేరే ఇంజను: లెక్క చక్రం దగ్గర మొదలుపెట్టండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. తాతగారి 1978 నాటి జీపు, పెట్రోలు హరికేన్ ఇంజను. ఎక్కుడు వస్తే నీలిపొగ, లీటరుకు ఆరు కిలోమీటర్లు. గాజువాక ఆటోనగర్‌లో ఒక మెకానిక్ పాత డీజిలు ఇంజను చూపించి, రెండు వారాల్లో ఎక్కించి ఇస్తానన్నారు. ఎక్కించవచ్చా, అరకు ఘాటు ఎక్కుతుందా, ఎంత ఖర్చవుతుంది అని అడిగారు.

మా నాన్నగారి 1976 జీపుకు 2010లో సరిగ్గా ఈ పనే చేయించాను. హరికేన్ దింపి మహీంద్రా డీఐ డీజిలు ఇంజను పెట్టించాను. ఆ బండి ఇప్పటికీ భీమిలిలో మా ఇంటి ముందే ఉంది, నెలకోసారైనా కొండ ఎక్కి వస్తుంది. అందుకని కుదరదని చెప్పను. కానీ నేను పని మొదలుపెట్టిన చోటు తప్పు. ముందు ఇంజను కొని తెచ్చుకుని, ఆ తర్వాత బండిని దానికి తగ్గట్టు సర్దబోయాను. చక్రం దగ్గర మొదలుపెట్టి, ఒక్కొక్క భాగం లెక్క చూసుకుంటూ చివరికి ఇంజను దాకా రావలసింది.

ఆ లెక్క ఎలా ఉంటుందో చూడండి. మా జీపు ఇరుసులో చక్రాలను తిప్పే పెద్ద పళ్ల చక్రానికి (క్రౌను) 43 పళ్లు, దాన్ని తిప్పే చిన్నదానికి (పినియను) 8 పళ్లు. అంటే గేరు బాక్సు వైపు నుంచి ఇరుసుకు వెళ్లే ప్రొపెల్లర్ షాఫ్టు దాదాపు 5.38 చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. 6.00-16 టైరు ఎత్తు సుమారు 28 అంగుళాలు, ఒక చుట్టుకు 2.23 మీటర్లు నడుస్తుంది. హరికేన్ నిమిషానికి 4000 చుట్ల దాకా తిరుగుతుంది కాబట్టి, ఇంజను, షాఫ్టు సమానంగా తిరిగే టాప్ గేరులో గంటకు వంద కిలోమీటర్ల దాకా లెక్క వస్తుంది. డీఐ ఇంజను శక్తి 3200 చుట్ల దగ్గరే అయిపోతుంది. అదే క్రౌనుతో అది 80 కిలోమీటర్లు, అదీ ఇంజను గొంతు చించుకుని అరిస్తే. హాయిగా తిరిగే 2400 చుట్ల దగ్గర వేగం అరవై మాత్రమే. ఇంజను మార్చిన మొదటి వారం ఆనందపురం దాటి హైవే ఎక్కాక, వెనక లారీలు హారన్లు మోగిస్తుంటే నాకు ఈ లెక్క తెలిసివచ్చింది. కాగితం, పెన్సిలు తీసుకుంటే ఇంట్లోనే పది నిమిషాల్లో తెలిసేది.

బలం సంగతి కూడా అంతే. హరికేన్ 2199 సీసీ, 75 హార్స్‌పవర్. నేను పెట్టిన డీఐ 2523 సీసీ, 63 హార్స్‌పవర్. అంకెల్లో బలం తగ్గింది. మనకు కలిసివచ్చేది తక్కువ చుట్లలోనే దొరికే లాగుడు. ఘాటులో దాని విలువ చాలా పెద్దది, హైవే మీద దానికి పని లేదు. చివరికి క్రౌను, పినియను మార్చి 39కి 8 పళ్ల సెట్టు వేయించాను. ముందు ఇరుసుకు, వెనక ఇరుసుకు రెండింటికీ వేయాలి. ఒక్క వెనకదే మారిస్తే, ఫోర్‌వీల్ వేసిన క్షణం నుంచి ముందు చక్రాలు ఒక లెక్కన, వెనక చక్రాలు ఒక లెక్కన తిరగబోతాయి. గట్టి రోడ్డు మీద అయితే షాఫ్టులు మెలిపడి, శక్తిని రెండు ఇరుసులకు పంచే ట్రాన్స్‌ఫర్ కేసు పళ్లు రాలుతాయి.

ఇక ఇంజనుకు, గేరు బాక్సుకు మధ్య జరిగే అతుకు. ఈ మొత్తం పనిలో ప్రాణం ఇక్కడే ఉంది. నేను పాత మూడు గేర్ల బాక్సును అలాగే ఉంచి, మధ్యలో ఒక అడాప్టర్ ప్లేటు వేయించాను. అరంగుళం ఇనుప పలకను గ్యాసుతో కోసి, రెండు వైపుల బోల్టు రంధ్రాలకు సరిపోయేలా డ్రిల్లు చేశారు. చూడటానికి చక్కగా కూర్చుంది. బండి స్టార్టయింది, నడిచింది, అందరం సంతోషించాం. నెల తిరిగేసరికి క్లచ్ వదిలేటప్పుడు బండి వణకడం మొదలైంది. రెండో గేరు తనంతట తానే జారిపోయేది. ఒకరోజు టైడా దాటి డముకు వైపు ఎక్కుతుండగా గేరు బాక్సులోంచి మర పట్టినట్టు చప్పుడు వచ్చి బండి ఆగిపోయింది. వర్షంలో, పక్కనే లోయ, వెనక సీటులో మా అమ్మ. ఎస్. కోట దాకా తాడు కట్టి లాక్కొచ్చాం.

విప్పి చూస్తే ఇంజను క్రాంకు చివర, గేరు బాక్సు షాఫ్టు కొనను పట్టుకునే పైలట్ బుష్ కోడిగుడ్డు ఆకారంలో అరిగి ఉంది. ఆ షాఫ్టు (ఇన్‌పుట్ షాఫ్టు) బేరింగు గుండ్ల గూడు ముక్కలైంది. గేరు బాక్సు బలహీనమని, ఇంకో బాక్సు కొనమని ఇద్దరు చెప్పారు. కంచరపాలెంలో లేతు పని చేసే ఒక పెద్దాయన మాత్రం బాక్సు వైపు చూడనైనా లేదు. "ముందు ప్లేటు కొలుద్దాం బాబూ" అని డయల్ గేజి, అంటే వెంట్రుకంత తేడానైనా ముల్లుతో చూపే కొలత పరికరం, తెచ్చారు. దాని అయస్కాంతపు కాలును క్రాంకు చివర తిరిగే బరువైన చక్రానికి (ఫ్లైవీలు) అంటించి, కొలిచే పుల్ల కొనను గేరు బాక్సు కూర్చునే గుండ్రటి రంధ్రం లోపలి అంచుకు ఆనించారు. ఫ్లైవీలును చేత్తో మెల్లగా ఒక చుట్టు తిప్పారు. సున్నా దగ్గర ఉన్న ముల్లు ఒక వైపుకు పాకుతూ 22 దాకా వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చింది. అంటే 22 థౌ, అంగుళంలో వెయ్యో వంతులు 22. కేంద్రం అందులో సగం, 11 థౌ పక్కకు జరిగి ఉందన్నమాట. నాలుగు వెంట్రుకలు పేర్చినంత మందం. ఆ కాస్త తేడాతో షాఫ్టు ప్రతి చుట్టుకు ఒకసారి వంగి లేస్తూ, నిమిషానికి రెండు వేల సార్లు బేరింగును నలిపింది. ముల్లు ఆట మొత్తం ఐదు థౌ లోపు ఉండాలని ఆయన చెప్పారు.

"దీన్ని నిలబెట్టింది బోల్టులేనా? డోవెల్ పిన్నులు ఏవి?" అని అడిగారాయన. నా దగ్గర సమాధానం లేదు. బోల్టుకు, రంధ్రానికి మధ్య ఎప్పుడూ కొంచెం ఆట ఉంటుంది. బోల్టు బిగించి పట్టుకుంటుంది, అంతే. భాగం ఎక్కడ కూర్చోవాలో చెప్పేది డోవెల్ పిన్ను. ఆయన బోల్టులు కాస్త వదులు చేసి, రాగి సుత్తితో ప్లేటును అటూ ఇటూ తడుతూ, ప్రతిసారీ చుట్టు తిప్పి ముల్లు చూస్తూ, సాయంత్రానికి 4 థౌకు తెచ్చారు. బిగించాక మళ్లీ కొలిచి, అప్పుడు రెండు చోట్ల రీమరుతో రంధ్రాలు తీసి పిన్నులు దిగ్గొట్టారు. ఆ పనికి నేను ఇచ్చిన కూలీ కొత్త బేరింగు ధర కంటే తక్కువ. ఇన్నేళ్లలో ఆ బాక్సును మళ్లీ విప్పలేదు. అందుకే ఆటోనగర్ మెకానిక్‌ను మీరు అడగవలసిన మొదటి ప్రశ్న ఇదే: డయల్ గేజి పెట్టి కొలుస్తారా, డోవెల్ పిన్నులు వేస్తారా? ఆ మాట వినగానే ఆయన ముఖం వికసిస్తే పని అక్కడే ఇవ్వండి. "మేము కంటితోనే చూస్తాం" అంటే వచ్చేయండి.

ప్లేటు ఎంత మందం ఉంటే గేరు బాక్సు అంత వెనక్కి జరుగుతుంది. అప్పుడు వెనక షాఫ్టును అంత మేర కోయించి, ముందు షాఫ్టును పొడిగించి, రెండింటినీ బ్యాలెన్స్ చేయించాలి. షాఫ్టు కొన పైలట్ బుష్‌లో పూర్తిగా దిగుతోందో లేదో కూడా అప్పుడే చూడాలి.

మిగతావి చిన్నవిగా కనిపిస్తాయి కానీ డబ్బు తినేవి ఇవే. డీజిలు పంపు తిప్పి పంపే మిగులు డీజిలు కోసం ట్యాంకుకు రిటర్న్ లైను కావాలి, పెట్రోలు ట్యాంకుకు అది ఉండదు. ముందువైపు బరువు పెరిగి మా జీపు అంగుళానికి పైగా దిగిపోయింది, కమాను కట్టకు ఇంకో పట్టా వేయించాను. ఘాటులో బండి మెల్లగా నడుస్తుంది, గాలి తగలదు, కాబట్టి రేడియేటరు పెద్దదిగా, ఫ్యాను చుట్టూ రేకు గూడుతో ఉండాలి. బ్రేకు తేలికగా పడేలా చేసే బూస్టర్ పెట్టదలిస్తే, దానికి కావలసిన వాక్యూమ్‌ను (గాలిని పీల్చే లాగుడును) డీజిలు ఇంజను తనంతట తాను ఇవ్వదు, వాక్యూమ్ పంపు ఉన్న ఆల్టర్నేటర్ కావాలి. వీటన్నిటికంటే ముందు ఛాసిస్. మనది సముద్రపు గాలి ఊరు. ఛాసిస్ పొడవునా, ముఖ్యంగా కమాను కొక్కేల దగ్గర, చిన్న సుత్తితో తట్టుకుంటూ వెళ్లండి. గట్టి ఇనుము గంటలా మోగుతుంది. లోపల తుప్పు తిన్నచోట చప్పుడు మొద్దుగా వస్తుంది. అలాంటి ఛాసిస్‌కు డీజిలు ఇంజను అదురు తోడైతే మౌంటింగుల దగ్గర పగుళ్లు ఇస్తుంది.

ఖర్చు అడిగారు. 2010 ధరల్లో ఇంజను 40 వేలు. మిగతా పనులన్నీ కలిపి 95 వేలు. రెండు వారాలన్న పని ఐదు నెలలు పట్టింది.

కాగితాల మాట చివర చెబుతున్నాను గానీ మీరు దాన్ని అన్నిటికంటే ముందు చూసుకోవాలి. నేను చేయించినప్పుడు రవాణా శాఖ కార్యాలయంలో ముందే దరఖాస్తు పెట్టి, ఇంజను కొన్న రసీదు చూపించి, తనిఖీ అయ్యాక ఆర్‌సీలో కొత్త ఇంజను నంబరు, ఇంధనం రాయించుకున్నాను. ఇప్పుడు పరిస్థితి అలా లేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలోని వివరాలు తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా చెప్పింది. అదే సంవత్సరం వచ్చిన సవరణతో, అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు 5 వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. పదిహేనేళ్లు దాటిన బండికి ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి కదా, అప్పుడు ఇంజను నంబరు చూస్తారు. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ కూడా చూస్తుంది. కాబట్టి కార్యాలయంలో రాతపూర్వకంగా అనుమతి చేతికి వచ్చేదాకా ఆ ఇంజనుకు బయానా ఇవ్వకండి. రసీదు లేని ఇంజను అయితే ఎంత చౌకగా వచ్చినా వద్దు. అది ఏ బండిలోంచి ఎలా బయటికి వచ్చిందో మీకు తెలియదు.

అందుకే నా సలహా: ముందు మీ హరికేన్‌ను బతికించే ప్రయత్నం చేయండి. నాలుగు సిలిండర్లకు కంప్రెషన్ (లోపల గాలి ఎంత ఒత్తిడితో నొక్కుకుంటుందో) కొలిపించండి. ఆరోగ్యంగా ఉంటే 120 పీఎస్‌ఐ చుట్టుపక్కల చూపిస్తుంది. తక్కువ వచ్చిన సిలిండరులో ఒక చెంచా ఇంజను ఆయిల్ పోసి మళ్లీ కొలవండి. అంకె పెరిగితే రింగులు అరిగాయి, బోరు చేయించి కొత్త పిస్టన్లు వేయవచ్చు. పెరగకపోతే వాల్వులు. ఇక్కడ ఒక జాగ్రత్త. ఈ ఇంజనులో ఇన్‌లెట్ వాల్వులు పైన హెడ్డులో ఉంటాయి, ఎగ్జాస్ట్ వాల్వులు కింద బ్లాకులో ఉంటాయి. ఈ కాలం మెకానిక్‌లు హెడ్డు ఒక్కటి విప్పి వాల్వులు నూరి, పని అయిపోయిందనుకుంటారు. కాలిపోయిన ఎగ్జాస్ట్ వాల్వు కింద అలాగే ఉండిపోతుంది. మా జీపు హరికేన్‌కు అదే జరిగిందని, దాన్ని తుక్కుకు అమ్మేశాక ఆ లేతు పెద్దాయన చెబితే తెలిసింది. ఆ మాట ఇప్పటికీ బాధపెడుతుంది. నాన్నగారు ఇరవై ఏళ్లు నడిపిన ఇంజను అది.

ఇప్పటి పెట్రోలులో ఇథనాల్ కలుస్తోంది కాబట్టి పాత రబ్బరు గొట్టాలు, పెట్రోలు పంపు డయాఫ్రం కూడా అదే సమయంలో మార్పించండి.

కొలిచాక ఆ నాలుగు అంకెలు, నూనె పోయక ముందువి, పోశాకవి, ఇక్కడ రాయండి. వాటితో పాటు ఆర్‌సీలో ఇంధనం అని ఉన్నచోట ఏమి రాసి ఉందో కూడా చెప్పండి. ఆపైన ఏం చేయాలో చూద్దాం.