ఉప్పునీట నానిన ఆల్బం, గాలికి లేచిన రేకులు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: తుపానుకు ఇంట్లోకి మోకాటి లోతు నీళ్లొచ్చి బీరువా కింది అర మునిగింది. మా నాన్నగారు 1986లో మద్రాసు నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కు ఓడలో వెళ్లినప్పటి కలర్ ఫొటోల ఆల్బం నానిపోయింది. జిగురు పేజీల ఆల్బం అది. డాబా మీద ఎండబెట్టమని అందరూ అంటున్నారు. పెట్టొచ్చా? (ఒక పాఠకురాలు, కొత్తపట్నం)

జవాబు: వద్దు. ఈ మాట మీకు ఫోన్లో అప్పుడే చెప్పాం. మిగతావాళ్ల కోసం వివరంగా రాస్తున్నాం.

ఫొటోలో బొమ్మ ఉండేది కాగితంలో కాదు, దాని మీది జెలటిన్ పొరలో. నీళ్లు తగిలితే ఆ పొర నానిన సగ్గుబియ్యంలా ఉబ్బుతుంది. తడిగా ఉన్నంతసేపు జారుతూ ఉంటుంది కాబట్టి విడదీయొచ్చు. ఆరేటప్పుడే పక్క పేజీకో, పైనున్న ప్లాస్టిక్ కాగితానికో బంకలా పట్టేస్తుంది. ఎండలో పెడితే పైపొర ముందు బిగుసుకుని ఫొటో చుట్ట చుట్టుకుంటుంది, పొర పగులుతుంది. అందుకే విడదీసే తీరిక దొరికేదాకా ఆల్బాన్ని తడిగానే ఉంచాలి. అలాగని ఎక్కువ రోజులు నీళ్లలో వదిలేయకూడదు. నానిన దగ్గర్నుంచి 48 గంటలు దాటితే బూజు మొదలవుతుంది, పొర కాగితాన్ని వదిలేస్తుంది.

ముందు ప్రతి పేజీకీ ఫోన్‌తో ఫొటో తీసుకోండి. ఏది ఏ వరుసలో ఉందో, పక్కన ఏం రాశారో తర్వాత గుర్తుండదు. వెడల్పాటి ప్లాస్టిక్ ట్రేలు మూడు తీసుకుని చల్లటి నీళ్లు పోయండి. వేడినీళ్లు పోస్తే జెలటిన్ కరుగుతుంది. సబ్బు వేయొద్దు. పేజీ మీది ప్లాస్టిక్ కాగితాన్ని ఒక మూల నుంచి మెల్లగా లాగండి. ఫొటో జిగురుకు అంటుకుని రాకపోతే, పళ్ల మధ్య శుభ్రం చేసుకునే సన్నటి దారాన్ని దాని వెనక రంపంలా ఆడించండి. అంచులు మాత్రమే పట్టుకోవాలి, బొమ్మ మీద వేలు పెడితే పొర వేలికే వచ్చేస్తుంది. మొదటి ట్రేలో అటూ ఇటూ ఆడిస్తే బురద దానంతటదే పోతుంది, రుద్దొద్దు. రెండో ట్రేలోనూ అలాగే కడిగి, మూడో ట్రేలో మంచినీళ్ల క్యాన్ నీళ్లు వాడండి. తీర గ్రామాల్లో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, మీ ఇంట్లోకి వచ్చింది కూడా సముద్రపు నీరే కావచ్చు. ఉప్పు మిగిలిందంటే ప్రతి వానాకాలం తేమను పీలుస్తూనే ఉంటుంది.

ఆరబెట్టడానికి తెల్లటి నూలుబట్ట పరిచి, బొమ్మ పైకి వచ్చేలా విడివిడిగా పెట్టండి. న్యూస్ పేపర్ వద్దు, సిరా అంటుకుంటుంది. ఫ్యాన్ గాలి గోడకు తగిలి వెనక్కి వచ్చేలా తిప్పితే చాలు. పూర్తిగా ఆరాక వంకర తిరిగి ఉంటే రెండు తెల్లకాగితాల మధ్య పెట్టి, పైన బరువైన పుస్తకాలు ఉంచి ఒక వారం వదిలేయండి.

ఫొటోలు చాలా ఉండి ఒక్కరోజులో తెమలవనుకుంటే, మధ్య మధ్య బటర్ పేపర్ పెట్టి ప్లాస్టిక్ కవర్లో వేసి డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి. చలికి బూజు ఆగిపోతుంది. తర్వాత పదేసి, పదిహేనేసి తీసి, మంచు కరిగాక ఇదే పద్ధతిలో కడగొచ్చు. నెగెటివ్‌లు లేని ఫొటోలను ముందు చూసుకోండి. ఇంటి ఇంక్‌జెట్ ప్రింటర్‌లో తీసినవి మాత్రం నీళ్లలో ముంచొద్దు, రంగు కారిపోతుంది.

ప్రశ్న: మా తాతగారు సింగపూరు వెళ్లేటప్పుడు ఓడ డెక్ మీద తీయించుకున్న బ్లాక్ అండ్ వైట్ ఫొటో వానకు తడిసి, ఆరి, ఫ్రేము అద్దానికి అంటుకుపోయింది. అది రజులా ఓడ అంటారు. ఎలా తెలుస్తుంది? (ఒక పాఠకుడు, సింగరాయకొండ)

జవాబు: ఒకసారి ఆరి పట్టేసినదాన్ని పీకొద్దు, అద్దంతో సహా అలాగే ఉంచండి. స్కానర్ మీద అద్దం వైపు పెట్టి 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చేయించండి. నాలుగు బై ఆరు అంగుళాల ఫొటోకు 2400 బై 3600 చుక్కలు వస్తాయి, పెద్దది చేయించుకోవడానికి చాలు. ఫోన్‌తో తీస్తే ఫ్లాష్ ఆపేసి, రెండు పక్కల నుంచి ఏటవాలుగా వెలుతురు పడేలా చూసి, మీకూ అద్దానికీ మధ్య నల్లబట్ట అడ్డం పెట్టి, కెమెరాకు మాత్రం సందు వదలండి. అద్దంలో మీ నీడ పడదు.

ఇక ఓడ సంగతి. ఫొటోలో రైలింగుకు లైఫ్‌బాయ్ (నీళ్లలో పడ్డవాళ్లకు విసిరే తేలే చక్రం) వేలాడుతుంటే దాని మీద ఓడ పేరు ఉంటుంది, పెద్దది చేసి చూడండి. పొగగొట్టం కనిపిస్తే నలుపు మీద రెండు తెల్లపట్టీలు బ్రిటిష్ ఇండియా అనే ఓడల కంపెనీ గుర్తు. రజులా ఆ కంపెనీదే, 1926లో కట్టారు. మద్రాసు, పెనాంగ్, సింగపూరు మధ్య 1973 వరకు తిరిగింది. ఆ తర్వాత ప్రయాణమైతే అది చిదంబరం ఓడ కావచ్చు. తాతగారి పాస్‌పోర్టు మీది ముద్రల తేదీలు చూస్తే సందేహం తీరిపోతుంది.

ప్రశ్న: వసారా సిమెంటు రేకులు సగం లేచిపోయాయి. మేస్త్రీ మేకులు కొట్టి, పైన ఇసుక బస్తాలు వేస్తే చాలంటున్నాడు. (ఒక పాఠకుడు, కావలి)

జవాబు: చాలదు. రేకుకు రంధ్రం అలలో ఎత్తున్న చోటే పడాలి, పల్లంలో కొడితే నీళ్లు అక్కడే దిగుతాయి. మేకు బదులు జే హుక్కు (పైపును పట్టుకునేలా J ఆకారంలో వంచిన బోల్టు), దాని కింద తారు వాషరు వేయించండి. మరీ బిగించొద్దు, రేకు పగులుతుంది. ఆరు మిల్లీమీటర్ల రేకుకు అడ్డ పైపుల మధ్య దూరం 1.4 మీటర్లు మించకూడదు. పై రేకు కింది రేకు మీద 15 సెంటీమీటర్లు ఎక్కాలి. చూరు 30 సెంటీమీటర్ల కన్నా ముందుకు వచ్చిందంటే గాలి కింద దూరి ఎత్తేస్తుంది, మీ వసారాలో జరిగింది బహుశా అదే. చూరు వరుసకూ, పక్క అంచులకూ హుక్కులు ఎక్కువ పడాలి. బస్తాలు రేకు మధ్యలో పడితే అదే విరిగిపోతుంది. వేయక తప్పదంటే జంటగా తాడుతో కట్టి, పైపుల మీదికి వచ్చేలా చూడండి.

సముద్రం వైపు గట్టిగా కట్టాం కదా అని ధీమా వద్దు. తుపాను గాలి గడియారం ముల్లుకు ఎదురు తిరుగుతుంది. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్‌లా మనకు తూర్పున సముద్రంలో పైకి పోయే తుపానుకు గాలి మొదట ఉత్తరం నుంచి వస్తుంది, తర్వాత పడమటికి మళ్లుతుంది. 1989 నవంబరులోలా కావలి మీదుగానే పోతే కాసేపు గాలి ఆగి, ఎదురు దిక్కు నుంచి మళ్లీ అందుకుంటుంది. ఆ నిశ్శబ్దంలో రేకు సర్దడానికి పైకి ఎక్కొద్దు.

పాత ముక్కలు తీసేముందు నాలుగు మూలల నుంచీ ఫొటోలు తీయండి. విరిగిన రేకు పక్కన కొలత టేపు పరిచి ఒకటి, వీధిలోంచి ఇల్లంతా కనిపించేలా ఒకటి ఉండాలి. నష్టం లెక్క రాసేవాళ్లు అడిగేది అవే. ఆస్బెస్టాస్ (సిమెంటు రేకు) ముక్కలను తడిపి, మాస్కు పెట్టుకుని తీయండి, పొడిగా కోస్తే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కరెంటు తీగ తెగిపడి ఉంటే కర్రతో కూడా కదపకుండా కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు ఫోన్ చేయండి.

ప్రశ్న: ఫొటోల వెనక పేర్లు, తేదీలు దేనితో రాయాలి? (ఒక పాఠకురాలు, ఒంగోలు)

జవాబు: పాత కాగితపు ఫొటోలకు మెత్తటి 2బి పెన్సిల్, అదీ అంచు దగ్గర. కలర్ ఫొటోల వెనక ప్లాస్టిక్ పూత ఉంటుంది, పెన్సిల్ పడదు. వాటిని కాగితపు కవరులో పెట్టి కవరు మీద రాయండి, రాశాకే ఫొటో లోపల పెట్టండి. బాల్‌పెన్ నొక్కు ముందువైపు గీతలా తేలుతుంది.